నిద్రలో పళ్ళు కొరకడం, పగలు దవడ బిగించడం: నైట్ గార్డు ఒక్కటే సరిపోతుందా?

#1 · కోరపన్ను

"పొద్దున్న లేవగానే దవడ పట్టేస్తోంది, రాత్రి పళ్ళు కొరుకుతున్నావని ఇంట్లోవాళ్ళు అంటున్నారు, ఏ నైట్ గార్డు (రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు) కొనాలి?" అని ఇక్కడ తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. జవాబులు అక్కడొకటి ఇక్కడొకటి పడి ఉన్నాయి. అన్నీ ఒకచోట ఉంటే మంచిదని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. డెంటల్, ల్యాబ్, ఫిజియో, స్లీప్ విభాగాలవాళ్ళు ఎవరికి తెలిసింది వాళ్ళు రాయండి.

ముందు ఒక సంగతి. పళ్ళు కొరకడానికి, దవడ బిగించడానికి బ్రక్సిజం అని ఒకే పేరు పెట్టినా ఇవి రెండు. నిద్రలో జరిగేది ఒకటి, మెలకువగా ఉండగా జరిగేది ఇంకొకటి. పగటి రకంలో నూరడం తక్కువ, బిగించడమే ఎక్కువ. పళ్ళు తగలకుండా దవడను బిగబట్టి ఉంచేవాళ్ళు కూడా ఉంటారు, అదీ ఈ లెక్కలోకే వస్తుంది. 2018లో అంతర్జాతీయ నిపుణులు కలిసి రాసిన నిర్వచనంలో ఈ రెంటినీ విడివిడిగానే చెప్పారు. వేరే జబ్బేమీ లేని మనిషిలో దీన్ని రోగం అనక్కర్లేదు, నమిలే కండరాల చేష్ట అంటే చాలన్నారు. నిద్రలో నమిలే కండరాలు లయగా బిగుసుకోవడం మామూలు మనుషుల్లోనూ దాదాపు 60 శాతం మందిలో కనిపిస్తుంది. చాలామందికి చప్పుడూ ఉండదు, నష్టమూ ఉండదు. స్లీప్ ల్యాబ్‌లో గంటకు 4 సార్లు దాటితే తీవ్రం కింద లెక్కేస్తారు.

అందుకని గార్డు సంగతి తర్వాత. మీది రాత్రిదా, పగటిదా, రెండూనా అన్నది ముందు తేలాలి. లేవగానే కణతలు, దవడ నొప్పిగా ఉండి టిఫిన్ వేళకి సర్దుకుంటే రాత్రిది. పొద్దున్న హాయిగా ఉండి సాయంత్రానికి చెంపలు లాగేస్తుంటే పగటిది. పగటిదానికి నైట్ గార్డు చేయించుకోవడం డబ్బు దండగ.

#2 · నిద్రగన్నేరు

రాత్రి సంగతి నేను రాస్తాను.

నిద్రలో మెదడు గంటకు చాలాసార్లు, ప్రతిసారీ 3 నుంచి 15 సెకన్ల పాటు మెలకువ అంచుదాకా వచ్చి మళ్ళీ నిద్రలోకి జారుకుంటుంది. పొద్దున్నకి మనకేమీ గుర్తుండదు. పళ్ళు కొరకడం ఎక్కువగా ఈ చిన్న మెలకువలతో పాటు, ఎన్1, ఎన్2 అనే తేలిక నిద్ర దశల్లో జరుగుతుంది. దాని వరస కూడా తెలుసు. కొన్ని నిమిషాల ముందే ఒంటిని అప్రమత్తం చేసే సింపథెటిక్ నాడుల పని పెరుగుతుంది. ఇంకో 4 సెకన్లలో కొరుకుతారనగా మెదడు తరంగాలు వేగం పుంజుకుంటాయి. ఆ వెంటనే గుండె వేగం పెరుగుతుంది. తర్వాత నోరు తెరిచే కండరాలు, వాటి వెనకే సెకను లోపు నమిలే కండరాలు బిగుసుకుంటాయి. పళ్ళు ఒకదానికొకటి తగిలేది అన్నిటికంటే చివర. అంటే ఇది మెదడులో మొదలై పళ్ళ దగ్గర ముగుస్తోంది.

గురక, పగటిపూట కునుకుపాట్లు, బీపీ, లేవగానే తలనొప్పి, నిద్రలో ఊపిరి ఆగినట్టుందని పక్కవాళ్ళు చెప్పడం, వీటిలో రెండు మూడు ఉంటే గార్డు కంటే ముందు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూడాలి. స్టాప్-బ్యాంగ్ అని 8 ప్రశ్నల చీటీ ఉంది. వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెం.మీ. దాటిందా లాంటివి అడుగుతారు. 3 అవునులు వస్తే నిద్ర పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇంట్లోనే చేసే పరీక్ష కూడా ఉంది, అందరూ ల్యాబ్‌లో పడుకోనక్కర్లేదు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పై దవడకు పెట్టే మామూలు గార్డు కొందరిలో ఆప్నియాను పెంచుతుంది. 10 మంది ఆప్నియా రోగులతో చేసిన ఒక చిన్న పరిశోధనలో సగం మందికి అలాగే అయింది. అలాంటివాళ్ళకు కింది దవడను కాస్త ముందుకు జరిపి ఉంచే పరికరమో, మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రమో పెడితే ఊపిరి, కొరకడం రెండూ తగ్గే అవకాశం ఉంటుంది.

మద్యం, సిగరెట్, కాఫీ మూడూ దీన్ని పెంచేవే. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి తాగిన ఫిల్టర్ కాఫీలో సగం రాత్రి 11కి ఇంకా పనిచేస్తూనే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం 2 తర్వాత మానేసి మూడు వారాలు చూడండి. ఖర్చు లేని వైద్యం.

#3 · ప్రశ్నార్థకం

నిద్రగన్నేరు గారూ, పళ్ళ వరస సరిగ్గా లేకపోవడం వల్లే కొరుకుతారని, ఎత్తుగా ఉన్న పళ్ళను కాస్త అరగదీస్తే తగ్గిపోతుందని కొన్ని క్లినిక్కుల్లో చెప్తున్నారు కదా?

#4 · కోరపన్ను

అది పాత సిద్ధాంతం అండి. ఇప్పుడు నిలబడదు. పైన చెప్పిన వరసలో పళ్ళు తగలడమే చివర జరుగుతున్నప్పుడు పళ్ళను గీకి మొదలును ఆపలేం. కొత్తగా వేసిన సిమెంటో, క్యాపో ఎత్తుగా ఉంటే దాన్ని సరిచేయడం వేరు, అది చేయాల్సిందే. కానీ కొరకడం ఆపుతామని బాగున్న పళ్ళ ఎనామిల్ తీసేస్తే మళ్ళీ రాదు. కొరకడం ఆపడానికే క్లిప్పులు పెడతామన్నా ఒప్పుకోకండి.

గుర్తుల విషయం. అరుగుదల కనిపించగానే బ్రక్సిజం అనేస్తున్నారు, అక్కడే తప్పు జరుగుతోంది. పన్నుకు పన్ను రాసుకుని అరిగితే చదునుగా, మెరుస్తూ పలకల్లా ఉంటాయి. దవడను పక్కకు జరిపితే పై పలక, కింది పలక సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. యాసిడ్ వల్ల కరిగితే పంటి మీద గిన్నెలాంటి గుంటలు పడతాయి, పాత సిమెంట్ చుట్టుపక్కల పన్ను కరిగిపోయి సిమెంట్ మాత్రం దిబ్బలా మిగులుతుంది, ఎదుటి పన్నుతో అతకదు. అది నిమ్మ సోడాలు, కూల్ డ్రింకులు, పుల్లటి తేపుల వల్ల వచ్చేది. దానికి గార్డు వేస్తే ఉపయోగం లేదు, కడుపు సంగతి చూడాలి. పళ్ళపొడితోనో బొగ్గుతోనో అడ్డంగా బలంగా తోమితే చిగురు దగ్గర గాడి పడుతుంది, అది మూడో రకం. వక్క నమిలేవాళ్ళ దవడపళ్ళు కూడా బాగా అరుగుతాయి. ఒకే నోట్లో రెండు మూడు రకాలు కలిసి ఉండటమే ఎక్కువ.

ఇంకోటి. అరుగుదల పాత చిట్టా పుస్తకం లాంటిది, ఎప్పుడో ఖర్చయింది చెబుతుంది కానీ ఇప్పుడు ఖర్చవుతోందో లేదో చెప్పదు. ఇప్పుడు జరుగుతోందా అంటే చూడాల్సినవి: చెంప లోపల పళ్ళ మట్టంలో తెల్లటి గీత, నాలుక అంచున పళ్ళ అచ్చులు (ఇవి రెండూ ఒంటరిగా ఉంటే పెద్ద సాక్ష్యం కాదు), దవడ మూల దగ్గర వేళ్ళు పెట్టి కొరికితే గట్టి ముద్దలా లేచే కండరం, నొక్కితే నొప్పి, చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమనడం, పాత సిమెంట్లు పదేపదే ఊడటం. నమిలేటప్పుడు కాకుండా నమిలి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్ను చిట్లిందేమో చూపించుకోండి, అది ఆగకూడదు.

#5 · పాలపళ్ళు

పిల్లల మాట వచ్చినప్పుడల్లా "కడుపులో నులిపురుగులు ఉన్నాయి, అందుకే పళ్ళు పటపటా కొరుకుతున్నాడు" అని అమ్మమ్మల దగ్గర్నుంచి మెడికల్ షాపులవాళ్ళదాకా ఒకటే మాట. పురుగులకూ కొరకడానికీ నమ్మదగిన సంబంధం దొరకలేదు. పురుగుల మందు వేయొద్దని కాదు. జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే ఆల్బెండజోల్ వేయించండి. 1 నుంచి 2 ఏళ్ళ పిల్లలకు 200 మి.గ్రా., ఆపైన 19 ఏళ్ళ దాకా 400 మి.గ్రా. అది రక్తహీనతకు, ఎదుగుదలకు మంచిది. కొరకడం తగ్గలేదని నెలనెలా వేస్తూ పోవద్దు.

పిల్లల్లో ఇది పెద్దవాళ్ళకంటే ఎక్కువ, వయసుతో చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. పాలపళ్ళు కాస్త అరిగినా భయం లేదు, అవి ఎలాగూ ఊడేవే. గట్టి గార్డు వేయకూడదు. ఎదిగే దవడను, వచ్చే పళ్ళను అది అడ్డుకుంటుంది. నిజంగా చూడాల్సింది ముక్కు. నోరు తెరుచుకుని పడుకోవడం, గురక, తల వెనక్కి విరుచుకుని నిద్రపోవడం, పక్క తడపడం ఉంటే టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కణజాలం) పెరిగాయేమో ఈఎన్‌టీకి చూపించాలి. పళ్ళ డాక్టరు దగ్గర ఆగిపోయి ఈ సంగతి తప్పిపోయే పిల్లలు చాలామంది.

#6 · కండరం

పగటి బిగింపు ఫిజియోకి వదిలేశారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

దవడ విశ్రాంతిగా ఉంటే పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య 2 నుంచి 4 మి.మీ. ఖాళీ ఉంటుంది. తినడం, మింగడం అన్నీ కలుపుకున్నా 24 గంటల్లో పళ్ళు తగిలి ఉండేది సుమారు 20 నిమిషాలే. "నోరు మూసుకుంటే పళ్ళు కూడా కలిసే ఉంటాయి కదా" అనుకునేవాళ్ళే ఎక్కువ. కలవకూడదు. పెదవులు కలవాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక అంగిటికి తేలిగ్గా ఆనాలి. "న" అని పలికి, గొంతు ఆపి, నాలుకను అక్కడే ఉంచి పెదవులు మూయండి. అదీ దవడ ఉండాల్సిన చోటు.

మొదటి వారం ఏదీ మార్చకండి, గమనించండి అంతే. ఫోన్‌లో రోజుకు 15–20 సార్లు, వేళాపాళా లేకుండా మోగేలా గుర్తుచేసే మాట పెట్టుకోండి. మోగిన ఆ క్షణంలో నోరు ఎలా ఉందో ఐదింట్లో ఒకటి రాసుకోండి: వదులుగా ఉంది, పళ్ళు ఊరికే తగులుతున్నాయి, బిగించి ఉన్నాయి, నూరుతున్నాయి, పళ్ళు తగలకుండా దవడ బిగబట్టి ఉంది. బ్రక్సాప్ అనే యాప్ ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది, కాగితం మీద రాసుకున్నా తేడా లేదు. వారం చివర చూస్తే ఎక్కడ బిగుస్తోందో బయటపడుతుంది. ఎక్కువగా స్క్రీన్ ముందు, ట్రాఫిక్‌లో బండి మీద, జిమ్‌లో బరువు ఎత్తేటప్పుడు, సూది పనిలాంటి సన్నటి పని చేసేటప్పుడు.

రెండో వారం నుంచి, బిగిసిందని తెలిసినప్పుడల్లా ముక్కుతో మెల్లగా ఊపిరి వదులుతూ కింది దవడ బరువును వదిలేయండి, భుజాలు దించండి, "న" చోటుకి రండి. 5–6 సెకన్లు చాలు. బలవంతంగా నోరు తెరిచి పట్టుకుంటే ఇంకో కండరం బిగుస్తుంది, చాలామంది చేసే పొరపాటు అదే.

నొప్పికి: తడి గుడ్డను వేడినీళ్ళలో ముంచి పిండి, రెండు చెంపలమీద 15–20 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఆ తర్వాత చెంప ఎముక కింద నుంచి దవడ మూల దాకా మూడు వేళ్ళతో గుండ్రంగా నిమిషం, కణతల మీద నిమిషం. నొప్పి పదికి నాలుగు దాటేంత నొక్కొద్దు, దాటితే కండరం ఎదురు తిరిగి బిగుస్తుంది. తర్వాత నాలుక కొనను అంగిటికి ఆనించి, అది ఊడిరానంత మేర మాత్రమే నోరు తెరిచి మూయడం 6 సార్లు, రోజుకు 6 విడతలు. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టండి. బోర్లా పడుకోవడం మానండి.

నొప్పి ఉన్న రెండు వారాలూ చెరుకు, జంతికలు, వేయించిన శనగలు, మటన్ ఎముకలు పక్కన పెట్టండి. దవడకి వ్యాయామం అని చూయింగ్ గమ్ నమలడం అసలు వద్దు. కండరం అలిసిపోయే నొప్పి పెడుతోంది, దానికింకా పని చెప్పడమేంటి?

#7 · ప్రశ్నార్థకం

ఫలితం ఎన్నాళ్ళకు తెలుస్తుంది?

#8 · కండరం

క్రమం తప్పకుండా చేస్తే నొప్పి 3–4 వారాల్లో తగ్గడం మొదలవుతుంది. అలవాటు మారడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. గుర్తుచేసే మోతలకు చెవి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది, అందుకే పదిహేను రోజులకోసారి శబ్దం మార్చండి. నెల దాటినా ఏ మార్పూ లేకపోతే అది కండరమా, కీలా అని మళ్ళీ చూడాలి. చెవి ముందు కీలు దగ్గర వేలు పెట్టి నోరు తెరిచినప్పుడు అక్కడే నొప్పి గుచ్చితే కీలు.

#9 · ల్యాబ్ మేస్త్రీ

గార్డు సంగతి ల్యాబ్ వైపు నుంచి.

మంచి గార్డంటే గట్టి అక్రిలిక్, ఆ దవడ పళ్ళన్నిటినీ కప్పేది, ఎక్కువగా పై దవడకు. దవడపళ్ళ దగ్గర మందం 1.5 నుంచి 2 మి.మీ. కొలతలు తీసేటప్పుడే సగం గార్డు మంచిదో చెడ్డదో తేలిపోతుంది. ఆల్జినేట్‌తో (అచ్చు తీసే మెత్తటి ముద్ద) కొలత తీస్తే పది పదిహేను నిమిషాల్లో అందులో స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోసేయాలి. తడి దూదిలో చుట్టి సాయంత్రం కొరియర్‌లో పంపితే అది కుంచించుకుపోయి ఉంటుంది, గార్డు ఎక్కదు, ఎక్కించడానికి లోపల గీకుతారు, ఆ తర్వాత వదులైపోతుంది. స్కానర్ ఉంటే ఈ గొడవ ఉండదు. పై కొలత, కింది కొలతతో పాటు దవడపళ్ళ మధ్య గార్డు మందమంత ఎడం ఉంచి కాటు కొలత కూడా కావాలి. పళ్ళు పూర్తిగా కరిచిన కాటు పంపి "మీరే తెరవండి" అంటే ఆర్టిక్యులేటర్ (దవడ కదలికను అనుకరించే పరికరం) మీద తెరిచింది నోట్లో తెరిచినదానితో కలవదు. వెనకవైపు ముందే తగిలే గార్డు తయారవుతుంది.

పౌడరు లిక్విడు కలిపి చేతిమీద చేసే కోల్డ్ క్యూర్‌లో బుడగలు, మోనోమర్ (ఆ లిక్విడు) వాసన ఎక్కువ, తొందరగా రంగు మారుతుంది. వేడితో గట్టిపరిచే హీట్ క్యూర్ మేలు. దిమ్మలోంచి మెషిన్‌తో కోసి తీసినది ఇంకా సాంద్రంగా ఉంటుంది. త్రీడీ ప్రింట్‌వి వేగంగా వస్తాయి కానీ రెసిన్‌ని బట్టి కొన్ని పెళుసు.

నోట్లో పెట్టాక చూడాల్సినవి. వేళ్ళతో కుడివైపు నొక్కితే ఎడమవైపు లేవకూడదు. మూసినప్పుడు కింది దవడపళ్ళన్నీ ఒకేసారి, ఒకే బలంతో తగలాలి, ముందు పళ్ళు కాస్త తేలిగ్గా. 40 మైక్రాన్ల నీలం కాగితంతో మూసిన గుర్తులు, ఎర్రదానితో పక్కకు జరిపిన గుర్తులు తీయాలి. పక్కకు జరిపినప్పుడు ఎర్ర గీత కోరపన్ను దగ్గరే ఉండాలి, దవడపళ్ళ మీద ఎర్రగీతలు కనిపిస్తే అక్కడ గీకాలి. చివరికి 8 మైక్రాన్ల షిమ్ అనే పలుచని రేకు పెట్టి లాగితే ప్రతి దవడపన్ను దాన్ని పట్టుకోవాలి. కాగితం గుర్తు పడింది కదా అని వదిలేయకండి, కాగితం మందానికి తగలని పన్ను కూడా గుర్తు చూపిస్తుంది.

గార్డు ఇచ్చాక 1–2 వారాలకు, నెలన్నరకు, తర్వాత 6 నెలలకోసారి మళ్ళీ సర్దించాలి. కండరం వదులైతే దవడ నిలిచే చోటు మారుతుంది, మొదటిరోజు సరిగ్గా ఉన్న తగులుళ్ళు మారిపోతాయి. ఇచ్చి పంపేసి మళ్ళీ పిలవని చోట చేయించుకోకండి. చివరి దవడపన్ను వదిలేసి చేసిన గార్డు కూడా తీసుకోకండి, ఆధారం లేని ఆ పన్ను కిందికి దిగుతుంది.

#10 · ప్రశ్నార్థకం

మెడికల్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే వేడినీళ్ళలో ముంచి కొరికే రబ్బరు గార్డులు? చవక కదా.

#11 · కోరపన్ను

రెండు మూడు వారాలకు, ప్రయాణంలో, పక్కా గార్డు వచ్చేదాకా పర్లేదు. ఏళ్ళ తరబడి వద్దు. 1987లో 10 మందితో చేసిన పరిశోధనలో గట్టి గార్డు 8 మందిలో కండరాల పనిని తగ్గించింది, మెత్తది 5 మందిలో పెంచింది. సంఖ్య చిన్నదే, దీనిమీద వాదం ఉంది. అయినా మెత్తది సమంగా సర్దడానికి వీలుకాదన్నది మాత్రం నిజం. కొరికిన చోట పలచబడి, కొరకనిచోట మందంగా మిగులుతుంది.

#12 · కండరం

అక్కడ కాస్త విభేదిస్తాను. నొప్పి తీవ్రంగా ఉన్న మొదటి రోజుల్లో కొంతమంది గట్టిదాన్ని భరించలేరు. బయట గట్టిగా, లోపల మెత్తగా ఉండే రెండు పొరల గార్డు వాళ్ళకు బాగానే పనిచేస్తుంది.

#13 · కోరపన్ను

ఒప్పుకుంటాను, రెండు పొరలది వేరు. పై పొర గట్టిది కాబట్టి సర్దవచ్చు. లోపలి పొర కొన్నాళ్ళకు విడిపోతుంది, అది ముందే చెప్పి ఇవ్వాలి.

ముందు పళ్ళ మీద మాత్రమే పెట్టే చిన్న పరికరాలున్నాయి. వాటితో జాగ్రత్త. నెలల తరబడి వాడితే వెనక పళ్ళు దిగి, ముందు పళ్ళు కలవని నోరు మిగలవచ్చు. నిద్రలో మింగే ప్రమాదం కూడా ఉంది.

ఇక అసలు మాట. గార్డు పళ్ళను కాపాడుతుంది, కొరకడాన్ని ఆపదు. మొదటి కొన్ని వారాలు కండరాల పని తగ్గినట్టు కనిపిస్తుంది, తర్వాత చాలామందిలో మళ్ళీ మామూలే. గార్డు మీద గీతలు పడుతున్నాయంటే అది పనిచేయట్లేదని కాదు, మీ పంటి మీద పడాల్సిన గీతలు దానిమీద పడుతున్నాయని. పొద్దున్న తీయగానే పది పదిహేను నిమిషాలు పళ్ళు సరిగ్గా కలవనట్టుంటే మామూలే. మధ్యాహ్నం దాకా అలాగే ఉంటే వాడకం ఆపి చూపించుకోండి. పగలూ రాత్రీ వేసుకుని ఉండొద్దు.

#14 · మందుల చీటీ

మందుల వల్ల వచ్చేది ఎవరూ ప్రస్తావించలేదు. ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటి డిప్రెషన్, ఆందోళన మందులు మొదలుపెట్టిన, లేదా మోతాదు పెంచిన మూడు నాలుగు వారాల్లో దవడ బిగించడం కొత్తగా మొదలైతే ముందు అనుమానం వాటి మీదే. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) వాడే మిథైల్‌ఫెనిడేట్ కూడా. కానీ సొంతంగా ఆపకండి, ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, నిద్రలేమి, ఆందోళన తిరగబెట్టడం జరుగుతాయి. రాసిన డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, బస్పిరోన్ కలపడమో చేస్తారు.

నిద్రమాత్రల కోసం, కండరాలు వదులవుతాయని క్లోనజెపామ్ కోసం వచ్చేవాళ్ళు ఉంటారు. అలవాటు పడుతుంది, ఆప్నియా ఉంటే ఊపిరికి ముప్పు. అమిట్రిప్టిలిన్ చిన్న మోతాదు నొప్పికి ఉపయోగపడవచ్చు కానీ కొరకడాన్ని తగ్గించదు. మెగ్నీషియం మాత్రలకు గట్టి ఆధారం లేదు. నొప్పి బాగా ఉన్న రోజుల్లో పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా., రోజు మొత్తానికి 3 గ్రాములు దాటకుండా. ఐబుప్రొఫెన్ అయితే తిన్నాకే, నాలుగైదు రోజులకు మించకుండా. అల్సరు, కిడ్నీ జబ్బు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు.

#15 · ప్రశ్నార్థకం

బొటాక్స్‌తో కొరకడం పోతుంది, ముఖం కూడా సన్నబడుతుందని ప్రకటనలు వస్తున్నాయి. ఎంతవరకు నిజం?

#16 · కోరపన్ను

సగం నిజం. చెంపలో ఉండే మాసెటర్ కండరానికి మామూలుగా ఒక్కోవైపు 20–30 యూనిట్లు ఇస్తారు, కొందరు కణత కండరానికీ కొంచెం ఇస్తారు. బ్రాండు మారితే యూనిట్ల లెక్క మారుతుంది, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు. వారంలో మొదలై 3–4 నెలలు ఉంటుంది. ఎన్నిసార్లు బిగిస్తారన్నది పెద్దగా మారదు, ఎంత బలంగా బిగిస్తారన్నది తగ్గుతుంది. గార్డు, వ్యాయామం, నిద్ర అన్నీ చూశాక కూడా కండరం నొప్పి వదలని కొద్దిమందికి మంచిదే.

సూది పైకో ముందుకో పడితే నవ్వు వంకర వస్తుంది. మాంసం, చపాతీ నమలడం కొన్ని వారాలు కష్టం. మళ్ళీ మళ్ళీ వేయించుకుంటే బలం పడని దవడ ఎముక పలచబడుతుందేమోనన్న అనుమానం పరిశోధనల్లో ఉంది. గర్భిణులకు, మయస్థీనియా (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు. మొదటి వైద్యంగా ఇది చెప్పే చోటు నుంచి లేచి వచ్చేయండి.

#17 · డల్లాస్ బాబాయ్

అమెరికాలో ఉన్న మనవాళ్ళ కోసం ఒక ముక్క. బిల్లులో కోడ్ చూసుకోండి. పూర్తి దవడకు గట్టి గార్డు డి9944, మెత్తది డి9945, కొన్ని పళ్ళకే గట్టిది డి9946. 2019 నుంచి ఇవే, పాత డి9940 లేదు. ఇన్సూరెన్సువాళ్ళకి ముందే అంచనా పంపించమనండి. ఎన్నేళ్ళకోసారి ఇస్తారన్న షరతు ప్లానును బట్టి ఉంటుంది. గట్టిదాని డబ్బు కట్టించుకుని మెత్తది చేతిలో పెడితే కోడ్ చూపించి అడగొచ్చు.

#18 · నిద్రగన్నేరు

బ్రక్సిజం అనుకుని ఇంట్లో కూర్చోకూడని కొన్ని.

నోరు క్రమంగా తక్కువ తెరుచుకోవడం, కారం తగిలితే మంట, చెంప లోపల తెల్లగా బిరుసుగా పట్టీలు. గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాటున్న మనిషిలో ఇది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. క్యాన్సర్‌కు దారితీయగలదు. దవడ వ్యాయామాలతో కాలం గడపకుండా ఓరల్ మెడిసిన్‌కో, ఓరల్ సర్జన్‌కో చూపించాలి. మామూలు నోరు మీ సొంత వేళ్ళు మూడు నిలువుగా పట్టేంత, అంటే 40 మి.మీ. పైగా తెరుచుకోవాలి.

50 దాటినవాళ్ళకు కొత్తగా కణతల నొప్పి, నమలడం మొదలెట్టిన కాసేపటికి దవడ నొప్పి వచ్చి ఆపగానే తగ్గడం, తల దువ్వితే నొప్పి, చూపు మసకబారడం: రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది, అదే రోజు ఆసుపత్రికి. నడిస్తే, మెట్లెక్కితే దవడ నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గితే గుండె సంగతి. చెంపలో కరెంటు షాక్‌లా క్షణాల నొప్పి అయితే నరం. గాయమైన కొన్నాళ్ళకు దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం, అక్కడ ఆలోచించేదేం లేదు, అత్యవసరం.

#19 · ల్యాబ్ మేస్త్రీ

క్యాపులు, ఇంప్లాంట్లు వేయించుకోబోయేవాళ్ళకు. కొరుకుతారని డాక్టరుకు ముందే చెప్పండి. లోహం మీద పింగాణీ పూసిన క్యాపుల్లో పింగాణీ పెచ్చులూడుతుంది. జిర్కోనియా అంత తేలిగ్గా పగలదు కానీ గీకి సర్దిన చోట నున్నగా పాలిష్ చేయకుండా వదిలేస్తే ఎదుటి పంటిని సాన పట్టేస్తుంది, గ్లేజు పూత మీద నమ్మకం పెట్టుకోకండి, అది అరిగిపోతుంది. వెనక పళ్ళకు, అందం అక్కర్లేకపోతే, లోహపు క్యాపు ఇప్పటికీ మొండిది. ఇంప్లాంటు చుట్టూ మామూలు పంటిని ఎముకకు పట్టి ఉంచి ఒత్తిడిని పసిగట్టే లిగమెంట్ ఉండదు, బరువు ఎక్కువైందని అది చెప్పదు. స్క్రూ వదులవడం, క్యాపు పగలడం ముందు కనిపిస్తాయి. ఇంప్లాంటు వేయించుకున్న కొరికేవాళ్ళకు గార్డు ఐచ్ఛికం కాదు.

#20 · ప్రశ్నార్థకం

గార్డు శుభ్రం ఎలా? పేస్టుతో తోమితే సరిపోతుందా?

#21 · ల్యాబ్ మేస్త్రీ

పేస్టు వద్దు, అందులో ఉండే సాన పొడి సన్నటి గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి చేరి వాసన వస్తుంది. తీయగానే చల్లటి నీళ్ళు, గిన్నెల సబ్బు చుక్క, మెత్తటి బ్రష్. వేడినీళ్ళు, ఎండలో పెట్టడం, కారులో వదిలేయడం, మూడూ వంకర తిప్పుతాయి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లో నానబెట్టకండి. వారానికోసారి కట్టుడు పళ్ళకు వాడే మాత్ర నీళ్ళలో వేసి, ప్యాకెట్ మీద రాసిన సమయం వరకే. గాలి ఆడే డబ్బాలో ఉంచండి, టిష్యూలో చుట్టి బల్లమీద పెడితే ఎవరో ఒకరు చెత్తలో పడేస్తారు.

చెకప్‌కి వెళ్ళేటప్పుడు డబ్బాతో సహా తీసుకెళ్ళండి. నెర్ర విడిస్తే ఫెవిక్విక్ పూసి తేవొద్దు, ఆ జిగురు లోపలికి దిగి గట్టిపడితే మళ్ళీ పళ్ళమీద కూర్చోదు, కొత్తదే చేయాలి. ముక్కలు తెస్తే చాలాసార్లు అతికించి ఇవ్వగలం.